ముసలి ఆవు చెవి ముక్క నుంచి దూడ పుడుతుందా?

ప్రశ్న: మా ఆవుకు 14 ఏళ్లు. 8 ఈతలు ఈనింది, ఇప్పుడు చూలు నిలవడం లేదు. చెవి చర్మం కొంచెం తీసి క్లోనింగ్‌తో అలాంటి దూడనే పుట్టించవచ్చని విన్నాం. కానీ చాలాసార్లు ఫెయిల్ అవుతుందట. ఆవు ముసలిది కావడమే అందుకు కారణమా?

జవాబు: వయసు గురించి అంత టెన్షన్ పడకండి. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ అనే గొర్రెకు కణం ఆరేళ్ల గొర్రె పొదుగు నుంచి తీశారు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 1999లో పుట్టిన క్లోన్ దూడకు కణం ఇచ్చిన ఎద్దు వయసు 21 ఏళ్లు. కాబట్టి మీ ఆవు పనికిరాదని అనుకోవద్దు.

అసలు చిక్కు కణం లోపల ఉంది. చెవి చర్మంలోని ప్రతి కణంలో దూడ తయారవడానికి కావలసిన జన్యువులన్నీ ఉంటాయి. అయితే చర్మానికి అక్కర్లేనివి మూసి ఉంటాయి. ఆ కణాన్ని, కేంద్రకం (జన్యువులుండే భాగం) తీసేసిన అండంలో పెట్టినప్పుడు అండంలోని ప్రొటీన్లు ఆ మూతలు తెరవాలి. అంటే కణం తాను చర్మాన్నన్న సంగతే మరిచిపోవాలి! వీర్యకణం ఈ మార్పుకు సిద్ధమై వస్తుంది, చర్మ కణం అలా రాదు. చాలా పిండాల్లో ఈ పని సగంలో ఆగిపోతుంది. అందుకే అండం బాగా పక్వానికి వచ్చినదై ఉండాలి, కణం కూడా విభజన ఆపి విశ్రాంతిలో ఉండాలి. డాలీ విషయంలో కణాలకు పోషకాలు తగ్గించి ఆ స్థితికి తెచ్చారు. అంత చేసినా 277 అండం-కణం జతల నుంచి 29 పిండాలే గొర్రెల గర్భాల్లో పెట్టడానికి పనికొచ్చాయి, చివరికి పుట్టింది ఒక్క పిల్ల.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాయ. మామూలు చూడి ఆవులో మాయ గర్భసంచికి 70 నుంచి 120 చోట్ల బొడిపెలతో అతుక్కుంటుంది. క్లోన్ చూలులో ఇవి తరచూ బాగా తక్కువగా ఉంటాయి. పిండానికి ఆహారం అందక మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ చూళ్లు పోతాయి. నిలిచినవాటిలో కొన్నిటికి మాయ సంచుల్లో నీరు విపరీతంగా చేరుతుంది, దూడ మరీ పెద్దదై ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. పుట్టిన దూడ ఊపిరి అందక చనిపోవచ్చు కూడా. ఈ కష్టమంతా మోసేది పిండాన్ని పెట్టించుకున్న ఇంకో ఆవు. నిర్ణయం తీసుకునే ముందు దాని గురించీ ఆలోచించండి.

దూడ పుట్టినా అచ్చు మీ ఆవే అనుకోకండి. అండం వేరే ఆవుది కనుక మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం, దానికి సొంత జన్యువులు కొన్ని ఉంటాయి) దాదాపుగా అక్కడి నుంచే వస్తుంది, మచ్చలూ మారవచ్చు. పాలు మేపును బట్టి కూడా మారతాయి.

కణాలు దాచుకోవాలనుకుంటే ఆవు బతికుండగానే పశువైద్యుడితో చెవి ముక్క తీయించండి. దాన్ని చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కు పంపాలి, మామూలు ఫ్రీజర్‌లో పెడితే కణాలు చచ్చిపోతాయి. దాని కూతుళ్లు మీ దగ్గరే ఉంటే మాత్రం, ముందు వాటిని మేలైన ఆబోతు వీర్యంతో కట్టించండి.