ఖరీదైన పెన్ను కొనే ముందు ఒక మాట

దేవరకొండ

బిడ్డా, ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న ఫౌంటెన్ పెన్ను ఫోటోలు చూశాను. నల్లటి ఒళ్లు, బంగారు పట్టీ, పాతకాలపు పద్ధతిలో ఇంకు పీల్చుకుంటుందని కింద రాత. ధర చూసి మీ అత్త "ఇది పెన్నా, పుస్తెల తాడా?" అంది. జీతం నీది, మోజు నీది, కొనుక్కో. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికినవాణ్ని కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్తాను.

అన్నిటికన్నా ముందు పాళీ చూడు. దాని మీద 585 అని ఉంటే 14 క్యారెట్లు, 750 అని ఉంటే 18. అంటే వెయ్యి పాళ్లలో అంత బంగారం. కానీ కాగితాన్ని తాకేది బంగారం కాదు, కొనకు అతికించిన గట్టి లోహపు చుక్క. ఆ చుక్కను సరిగ్గా తీర్చకపోతే ఎంత బంగారమున్నా గీరుకుంటుంది. తీర్చి ఉంటే స్టీలు పాళీ కూడా హాయిగా సాగుతుంది.

కొట్టులో నిలబడి సంతకం పెట్టి చూడకు, సంతకం ఏ పెన్నుతోనైనా బాగానే వస్తుంది. కూర్చుని "లక్ష్మి", "కృష్ణ", "స్వాతంత్ర్యం" అని రాయి. మన అక్షరం గుండ్రం, పాళీ అన్ని దిక్కులకూ తిరగాలి. వట్రసుడి దగ్గర పట్టుకుంటే ఆ పెన్ను నీకు పనికిరాదు. జపాన్ వాళ్ల ఫైన్ పాళీ మామూలుగా యూరప్ వాళ్ల ఫైన్ కన్నా సన్నగా ఉంటుంది, ఒత్తులు పూడుకుపోవు. నేనైతే అదే తీసుకుంటాను. కాగితం కూడా ఇంటి నుంచే పట్టుకెళ్లు. కొట్టువాళ్లు ఇచ్చే నున్నటి కాగితం మీద ప్రతి పెన్నూ మంచిదే.

ఇక ఆ "పాతకాలపు పద్ధతి" సంగతి. ఏ పద్ధతో అడుగు. మొదట్లో పెన్ను విప్పి డ్రాపర్‌తో నేరుగా పోసేవాళ్లు. పాళీ కింది సన్న గాళ్ల వెంట ఇంకు దిగుతూ, గాలి పైకి వెళ్లే ఏర్పాటుకు అమెరికాలో వాటర్‌మన్ అనే ఆయన 1884లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత లోపల రబ్బరు సంచి, పక్కన మీట ఉన్నవి వచ్చాయి. 1929లో జర్మనీ కంపెనీ పెలికాన్ వాళ్లు వెనక మర తిప్పితే ఇంకు పీల్చే పిస్టన్ పెన్ను తెచ్చారు. 1941లో పాళీని దాచుకున్న పార్కర్ 51 వచ్చింది. అదే పేరుతో 2021లో మళ్లీ తెచ్చారు, చూడ్డానికి పాతదే, లోపల మాత్రం ఇంకు నింపి వచ్చే గొట్టం (కార్ట్రిడ్జ్), లేదా దాని బదులు పెట్టి ఇంకు పీల్చుకునే విడి గొట్టం (కన్వర్టర్). అది చెడ్డదని కాదు, కడుక్కోవడం సులువు. పాత యంత్రం ఉందనుకుని ఎక్కువ ధర ఇవ్వొద్దంటున్నాను, అంతే.

డ్రాపర్ పెన్ను తీసుకుంటే మన ఎండలు గుర్తుపెట్టుకో. ఇంకు అడుగంటాక లోపలంతా గాలే ఉంటుంది. చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది, మే నెలలో మరీను. సగానికి రాగానే నింపేయ్. ఎబొనైట్, అంటే గట్టి రబ్బరు పెన్నైతే కిటికీ పక్కన పెట్టకు, ఎండకూ తేమకూ నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. గాంధీ గారికి స్వదేశీ కలం చేసిచ్చిన రాజమండ్రి రత్నం వారి ఎబొనైట్ పెన్నులు కూడా ఒకసారి చూడు. ఆ ధరలో పదోవంతుకే నీ మోజు తీరుతుందేమో.

కడిగేటప్పుడు బోరు నీళ్లు వద్దు, మన నీళ్లలో ఉప్పులెక్కువ, గాళ్లలో తెల్లగా పేరుకుంటాయి. ఫిల్టర్ నీళ్లు వాడు. ఇంకు మారిస్తే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. బొమ్మలేసే ఇండియన్ ఇంకు పొరపాటున కూడా పోయకు, లోపల ఎండి బిగుసుకుపోతుంది. మామూలు బుడ్డి ఇంకు చాలు.

అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్‌కు పోయి రెండు మూడు రకాలు చేతిలో పట్టుకుని చూడు. రాయకుండా ఆన్‌లైన్లో మాత్రం కొనకు. డబ్బు కట్టేముందు, పిస్టన్ బిగుసుకుంటే ఎవరు విప్పుతారు, పాళీ వంగితే ఎక్కడ సరిచేస్తారు అని అడుగు. తడుముకుంటే ఊరికే తిరిగొచ్చేయ్.

నీ మామ