న్యాయ సలహా: తొంభై రోజులున్నాయని ఆగొద్దు

ప్రశ్న: పురిటికి పుట్టింటికి వచ్చాను. పాపకిప్పుడు నాలుగేళ్లు. మళ్లీ తీసుకెళ్లడానికి అత్తింటి నుంచి ఎవరూ రాలేదు. నేనే కాపురం వదిలేశానని మా ఆయన కేసు వేస్తే, ఫ్యామిలీ కోర్టు రెండు వారాల కిందట ఆయనకు విడాకులిచ్చింది. తీసుకెళ్లమని నేను పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు కోర్టులో దాఖలు చేయలేదు. మెయింటెనెన్స్ కేసులో మా ఇద్దరికీ కలిపి నెలకు 5,000 ఇచ్చారు. ఆయనకు సంబంధాలు చూస్తున్నారట. అప్పీలుకి 90 రోజులుంది, పండగ వెళ్లాక చూద్దామంటున్నాడు అన్నయ్య. ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, పండగ దాకా ఆగొద్దు. మీ అన్నయ్య చెప్పిన 90 రోజులు హిందూ వివాహ చట్టంలోవి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నది 30 రోజులే. ఏది వర్తిస్తుందనే వాదన మీ కేసులో రానివ్వకండి, 30 రోజుల్లోనే వేసేయండి.

రేపే జడ్జిమెంటు, డిక్రీల (తీర్పు సారాంశంగా కోర్టు ఇచ్చే ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టించండి. కాపీ మీద దరఖాస్తు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు సిద్ధమైందో ముద్ర వేసి ఉంటుంది. ఆ మధ్య రోజులు గడువులోంచి మినహాయిస్తారు. సిద్ధమయ్యాక మీరు తెచ్చుకోకుండా ఊరుకున్న రోజులు మాత్రం మీ ఖాతాలోకే వస్తాయి.

అప్పీలు హైకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచి వింటుంది. చట్టం పాయింట్లే కాదు, సాక్ష్యాన్ని కూడా మళ్లీ పరిశీలిస్తుంది. అయితే కేసు మొదటి నుంచి నడపరు, కింది కోర్టు రికార్డు చదువుతారు. మీ మెసేజ్‌ల చిక్కు అక్కడే. చేతిలో ఉండి కూడా అప్పుడెందుకు పెట్టలేదని అడుగుతారు. సరైన కారణం చూపిస్తూ అదనపు సాక్ష్యం కోసం పిటిషన్ వేయొచ్చు గానీ, ఒప్పుకుంటారన్న భరోసా లేదు. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. అంతకన్నా ముందు మీ ఆయన వాంగ్మూలం కాపీ తెప్పించి, క్రాస్ ఎగ్జామినేషన్ భాగం ఒక్కో లైనూ చదవండి. ‘మెసేజ్‌లు వచ్చాయి’ అనో, ‘పాపను చూడటానికి వెళ్లలేదు’ అనో ఒక్క మాట ఒప్పుకుని ఉంటే, కొత్త కాగితం కన్నా అదే మీకు బలం. కాపురం వదిలేశారని తేల్చాలంటే, తిరిగి రాకూడదన్న ఉద్దేశం మీకు ఉందని ఆయనే రుజువు చేయాలి. పురిటికి రావడం వదిలేయడం కాదు.

రెండో పెళ్లి సంగతి. అప్పీలు గడువు దాటేదాకా, అప్పీలు వేస్తే అది కొట్టేసేదాకా ఆయన పెళ్లి చేసుకోకూడదని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు కాబట్టి, స్టే పిటిషన్ కూడా కలిపి వేయాలి. ఆయనకు లాయరు ద్వారా నోటీసు పంపండి. గడువు దాటాక ఆయన పెళ్లి చేసుకుంటే, తర్వాత మీరెంత పోరాడినా కష్టమే.

మెయింటెనెన్స్ దారి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 సెక్షన్ కింద ఇచ్చిన ఆర్డరైతే అప్పీలు ఉండదు, హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు ఆర్డరు సరిగా ఉందో లేదో చూడమనే పిటిషన్) వేయాలి. మీ ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్లు దాఖలు చేశారో లేదో చూడండి. 2020లో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు వాటిని తప్పనిసరి చేసింది. ఆయన వేయకుండా తప్పించుకుని ఉంటే ముందు అదే ఎత్తి చూపండి. ఈలోగా ఆ 5,000 వద్దనకుండా తీసుకోండి. తీసుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. నేలపాడులోని హైకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు, మీ జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు రెండు కేసుల ఆర్డర్లు, ఆధార్, కాపీ అప్లికేషన్ నంబరు దగ్గర పెట్టుకోండి.