సముద్రం కనబడని విశాఖ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. నాకూ అంతే ఇష్టం కాబట్టి దాపరికం లేకుండా రాస్తున్నాను. ఆ ఇష్టాన్ని ఏమాత్రం తగ్గించుకోకు. దాన్ని కాగితం మీద పెట్టిన తీరు మాత్రం మార్చాలి.

మొదటి రెండు పేజీలూ ఫిర్యాదే. ఇంత మంచి సినిమాని ఎవరూ పట్టించుకోలేదని, జనానికి టేస్ట్ లేదని రాశావు. అది నిజం కాదు. 2018 సెప్టెంబర్ 7న విడుదలైనప్పుడు చాలా పత్రికలు మెచ్చుకున్నాయి. రానా సమర్పించాడు. అంతకుముందే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైంది. ఈ సంగతి తెలిసిన పాఠకుడు నీ రెండో వాక్యం దగ్గరే వ్యాసం పక్కన పెట్టేస్తాడు. పైగా చదివేవాణ్ణి తిట్టి సినిమా చూపించలేం.

దక్కాల్సిన విలువ దక్కనిది ఇంకొకటుంది. ఆ సినిమా గురించి ఎవరు మాట్లాడినా నాలుగు ప్రేమకథలు, చివర్లో వచ్చే మలుపు, అంతే. ఊరు బాగా చూపించారని ఒక ముక్క అని వదిలేస్తారు. నా లెక్కలో అది ముందు ఊరి సినిమా, ఆ తర్వాతే ప్రేమ సినిమా. నీ మనసులో ఉన్నదీ అదే. వ్యాసంలో మాత్రం ఆరో పేజీ దాకా ఆ మాట అనలేదు.

1978లో ‘మరో చరిత్ర’ వచ్చిన దగ్గర్నుంచీ తెరమీద విశాఖ అంటే సముద్రమే. భీమిలి, రుషికొండ, ఆర్కే బీచ్, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. వాటిని తక్కువ చెయ్యడం లేదు, నాకూ ప్రాణమే. కానీ ఈ ఊళ్ళో బతికేవాళ్ళు బీచ్‌కి వెళ్ళేది ఎక్కువగా ఆదివారం సాయంత్రమే. మిగతా ఆరు రోజులూ వాళ్ళుండేది కంచరపాలెంలో, జ్ఞానాపురంలో, మల్కాపురంలో, మర్రిపాలెంలో. 1933లో పోర్టు మొదలైంది, 1941లో షిప్‌యార్డుకి పునాది పడింది, తర్వాత రిఫైనరీ వచ్చింది, రైల్వే ఎలాగూ ఉంది. వీటిని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఇరుకు సందుల్లో ఇళ్ళు కట్టుకున్న జనంతో పెరిగిన ఊరిది. దర్శకుడు వెంకటేష్ మహా తన మొదటి సినిమాకే కెమెరాని తీసుకెళ్ళి ఆ సందుల్లో పెట్టాడు. బీచ్ అందం మీద ఆధారపడకుండా విశాఖ సినిమా తియ్యడం ఎంత ధైర్యమో నువ్వు రాయాలి.

ఇప్పుడు ఆ నాలుగు కథల్లో వైన్ షాపు కథ దగ్గరికి వద్దాం. గడ్డం అనే అతను కౌంటర్ లోపల ఉంటాడు. సలీమా ముఖం కప్పుకుని వచ్చి క్వార్టర్ తీసుకుని వెళ్ళిపోతుంది. అతనికి కనిపించేవి ఆవిడ కళ్ళు మాత్రమే. ఇంకో సినిమాలో అయితే ఇది వెకిలి జోకు అయ్యేది, లేదా పాట అయ్యేది. ఇక్కడ మాత్రం మామూలు బేరమే: డబ్బులు, సీసా, ఎవరిదారిన వాళ్ళు. ఆ బేరం మధ్యలోనే ఒక మనిషికి ఇంకో మనిషి కోసం ఎదురుచూడటం అలవాటైపోతుంది. సలీమాగా వేసింది ఆ సినిమా నిర్మాత ప్రవీణ పరుచూరి అని తెలియకపోతే, ఈవిడా ఆ వీధి మనిషే అనుకుంటాం. విశాఖ కోర్టుల్లో వకీలుగా తిరుగుతూ సారా కథలు రాసిన రావిశాస్త్రి గారు చూసి ఉంటే ఆ కౌంటర్‌ని ఇట్టే గుర్తుపట్టేవారని నాకనిపిస్తుంది. ఈ ఊరి చిన్న మనుషుల్ని ఆయన ఎలా పట్టుకున్నారో ఆ కథలు మళ్ళీ తిరగేసి చూడు. ఇంత ఉన్న ఘట్టానికి నువ్విచ్చింది ఒక్క వాక్యం: ‘హృద్యంగా తెరకెక్కించారు.’ కొట్టెయ్. ఆ మాట ఏ సినిమాకైనా అతుకుతుంది. నువ్వు చూసింది చూసినట్టు రాయి, హృద్యమో కాదో చదివేవాడు చెప్తాడు.

ఆఫీసు కథ కూడా అలాంటిదే. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాని అటెండర్ రాజు, ఒడిశా నుంచి ఆఫీసర్‌గా వచ్చిన రాధ. ఆవిడ ఒడిశా మనిషి ఎందుకైందని అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. పోవాల్సిన పనీ లేదు. కోరాపుట్, రాయగడ బళ్ళు దిగే జనం మన స్టేషన్లో ఎప్పుడూ ఉంటారు, కేజీహెచ్‌లో వైద్యానికీ వస్తారు. విశాఖకి ఒడిశా పక్క వీధి లాంటిది. ఊరు తెలిసినవాళ్ళు ఇలాంటివి చెప్పకుండానే కథలో పెట్టేస్తారు. నువ్వేమో విశాఖ జనాభా, వాతావరణం, చూడదగ్గ ప్రదేశాలు అంటూ పేజీ నింపావు. అదంతా తీసెయ్.

యాస గురించి నువ్వు అసలు రాయలేదు. నాకు అన్నిటికంటే వెలితిగా అనిపించింది ఇదే. మన ఉత్తరాంధ్ర మాట తెలుగు సినిమాలో ఎన్నాళ్ళుగానో కమెడియన్‌కో, పనివాడి వేషానికో పరిమితమైపోయింది. ‘ఏటి’ అంటే చాలు హాల్లో నవ్వు. ఈ సినిమాలో నటించినవాళ్ళు ఎనభైమందికి పైగా ఆ ఊరివాళ్ళే, అంతకుముందు కెమెరా ముఖం చూడనివాళ్ళే. ప్రేమించేవాడూ అదే యాస, కోప్పడే పెద్దమనిషీ అదే యాస. ఒక్కళ్ళనీ నవ్వించడానికి మాట్లాడించలేదు. మన ఊరికి ఇంత మర్యాద చేసిన సినిమాలు నాకు ఎక్కువ గుర్తు రావడం లేదు. ఆ డైలాగులు రాసేటప్పుడు వాళ్ళన్నట్టే రాయి, పత్రిక భాషలోకి దిద్దకు. నీ వాక్యాల్లో మాత్రం ఆ యాస పులమకు. నువ్వు వ్యాసం రాస్తున్నావు, వేషం కట్టడం లేదు.

లోపాలూ రాయాలి. కొందరు బిగుసుకుపోయి పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడారు. కొన్నిచోట్ల కథ సాగింది. ఇవి దాచిపెట్టి పొగిడితే, పొగడ్త మొత్తం మీదే అనుమానం వస్తుంది. ఇవన్నీ ఉండి కూడా నీకెందుకు నచ్చిందో చెప్పు. అలాగని మిగతా సినిమాల్ని కించపరిచి దీన్ని ఎత్తకు. బీచ్ చూపించినవాళ్ళు నేరమేం చెయ్యలేదు.

చివరి మలుపు బయటపెట్టొద్దు. చూడనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, నువ్వు రాసేది వాళ్ళకోసమే. వీలుంటే ఒకసారి బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వింటూ కూర్చో. వీధిలో ఏమేం వినబడుతున్నాయో రాసుకో. నాకు తెలియనివి నీకు దొరుకుతాయి.

పదో పేజీలో ఒక పేరా ఉంది. మీ నాన్నగారు షిప్‌యార్డులో షిఫ్ట్ దిగి సైకిల్ మీద వచ్చే వేళకి మీ వీధి అరుగుల మీద ఎవరెవరు కూర్చునేవారో, తెరమీద అలాంటి అరుగు కనబడగానే నీకేమైందో రాశావు. ఆ ముక్కలో ఒక్క అక్షరం మార్చకు. వ్యాసం అక్కడ మొదలుపెట్టి తిరగరాయి. వినాయక చవితి లోపు పంపితే నాకూ చదివే తీరిక ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య