ఆ మాట మీ థెరపిస్టుకు చెప్పండి

ప్రశ్న: డిప్రెషన్‌కు ఏడాదిగా ఒక థెరపిస్టు దగ్గరకు వెళ్తున్నాను. ఆవిడంటే నాకు గురి. ఈమధ్య చచ్చిపోవాలన్న ఆలోచనలు మళ్లీ వస్తున్నాయి. చెబితే ఆస్పత్రిలో చేర్పిస్తారేమో, విసిగిపోయి ఇక రావద్దంటారేమో అని భయం. బాగానే ఉన్నానని నవ్వేసి వచ్చేస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఎలా చనిపోవాలో కూడా మీరు అనుకుని ఉంటే వచ్చే సెషన్ దాకా ఆగకండి. ఇప్పుడే ఆవిడకు ఫోన్ చేయండి. దొరక్కపోతే ఎవరినైనా తోడు తీసుకుని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. అంతవరకూ రాకపోయినా ఈ సంగతి దాచకండి.

ఆవిడ తట్టుకోలేరేమోనని మీరే ఆవిడను కాచుకుంటున్నారు. అది మీ బాధ్యత కాదమ్మా. చికిత్స చేసేవాళ్లకూ ఇలాంటప్పుడు భయం కలుగుతుంది, ఒక్కోసారి కోపం కూడా వస్తుంది. మాల్ట్స్‌బర్గర్, బ్యూయి అనే అమెరికన్ సైకియాట్రిస్టులు 1974లోనే దీని గురించి దాపరికం లేకుండా రాశారు. థెరపిస్టు తన కోపాన్ని తానే గుర్తించకపోతే, తెలియకుండానే పేషెంటుకు దూరం జరిగే ప్రమాదం ఉందని హెచ్చరించారు. అందుకే చాలామంది థెరపిస్టులు ఆ బరువును తమ సీనియర్లతో పంచుకుంటారు. మీ దగ్గర దించుకోరు.

ఇక ఆస్పత్రి సంగతి. ఆలోచన వచ్చినంత మాత్రాన సాధారణంగా చేర్పించరు. ఎంత తరచుగా వస్తోంది, ఎలా చేయాలో అనుకున్నారా, అందుకు కావలసినవి దగ్గర ఉన్నాయా అని అడుగుతారు. అలా అడిగితే ఆలోచన ముదురుతుందనేది అపోహే. ప్రాణానికి వెంటనే ముప్పుందనిపిస్తే మాత్రం గోప్యత పక్కన పెట్టి మీవాళ్లకు చెప్పవచ్చు. ఎప్పుడు చెబుతారో ఆవిడనే ముందుగా అడిగి తెలుసుకోండి.

"ఆత్మహత్య చేసుకోను" అని మాట తీసుకుని ఊరుకోవడం మీద నాకు నమ్మకం లేదు. మాట తప్పాననే సిగ్గుతో మనిషి మరింత దాస్తాడు. దానికన్నా స్టాన్లీ, బ్రౌన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు రూపొందించిన భద్రతా ప్రణాళిక మేలు. ఏ గుర్తులు కనబడితే జాగ్రత్తపడాలి, అప్పుడు ఏం చేయాలి, ఎవరిని పిలవాలి, ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులను ఎలా దూరం చేయాలి అన్నవి ఇద్దరూ కూర్చుని కాగితం మీద పెడతారు. ఆవిడ సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో రాయించుకోండి.

సెషన్ చివర్లో, లేచి వచ్చేముందు చెప్పకండి. కూర్చోగానే చెప్పండి. నోరు పెగలకపోతే నాకు రాసిన ఈ ఉత్తరమే ఆవిడ చేతికివ్వండి. "మీరు విసిగిపోతారని భయమేసింది" అన్న మాటా దాచుకోవద్దు, దాని మీద మీరిద్దరూ చాలాసేపు మాట్లాడుకోవాల్సి ఉంటుంది. ఒకవేళ ఆవిడ నిజంగానే ఇది తనవల్ల కాదంటే, మరో థెరపిస్టుకు అప్పగించేదాకా మాత్రం తోడుండమని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.