మందపాటి రబ్బరు మ్యాట్‌ను ఇంట్లోనే నున్నగా కోయడం ఎలా?

విజయనగరం దగ్గర పల్లెలో ఆవుల పాకకు తెచ్చిన 15 మి.మీ. రబ్బరు మ్యాట్ గోడ వారన ఎక్కువైందని, కత్తెరకు లొంగడం లేదని, ఎలా కోయాలని ఒకరు అడిగారు.

కత్తెర వదిలేయండి. కొత్త బ్లేడు వేసిన కట్టర్, బరువైన ఇనుప పట్టీ, సబ్బునీళ్లు చాలు. అంచు వంకరపోవడానికి అసలు కారణం తొందర. రబ్బరు బ్లేడును రెండు వైపుల నుంచీ బిగించి పట్టుకుంటుంది. బలం పెంచితే బ్లేడు పక్కకు జారుతుంది, వేళ్లు తెగుతాయి. అందుకే ఇనుప పట్టీ వారన గీసే మొదటి గీత పైపైనే పడాలి. ఆ గాడిలో సబ్బునీళ్లు చిలకరించి, మళ్లీ మళ్లీ అదే దారిలో లాగండి. కోత కింద ఒక చెక్క రీపు పెడితే గాడి విచ్చుకుని బ్లేడు తేలికగా దిగుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన కిటుకు ఇదే.

చుట్టగా వచ్చిన మ్యాట్‌ను ముందు ఎండలో పరచి చదును కానివ్వండి. కొలత మాత్రం నీడలో చల్లబడ్డాకే తీయండి, వేడికి రబ్బరు వ్యాకోచిస్తుంది. మన వేసవిని దృష్టిలో ఉంచుకుని గోడ దగ్గర కొద్దిగా సందు వదలండి, లేకపోతే మ్యాట్ ఉబ్బి లేస్తుంది. స్తంభం చుట్టూ కోయాలంటే ముందు అట్టముక్కతో నమూనా చేసుకోండి. గ్రైండర్ జోలికి వెళ్లకండి: రబ్బరు కాలి ఘాటైన పొగ వస్తుంది, అంచు కూడా పాడవుతుంది.