మా అబ్బాయి సినిమా మేకప్ నేర్చుకుంటానంటున్నాడు

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం పరీక్షలు రాశాడు. అగ్రికల్చర్ బీఎస్సీలో చేర్చాలని మావారి కోరిక. వాడేమో సినిమా మేకప్ నేర్చుకుంటానంటున్నాడు. వాళ్ళ అక్క పెళ్ళిలో తోడపెళ్ళికూతురికి వాడే మేకప్ వేశాడు, అందరూ మెచ్చుకున్నారు. మావారు మాత్రం "మగపుటక పుట్టి ఆడాళ్ళ మొహాలకి రంగులు పూస్తాడా, ఊళ్ళో నేను తలెత్తుకోవద్దా" అని రెండ్రోజులు అన్నం మానేశారు. సినిమాల్లో ఇలాంటివాళ్ళని ఎలా చూపిస్తారో మనకి తెలియనిదా? నాకూ భయంగానే ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతోపాటు పంపిన ఫొటో ముందు చూశాను. ఎవరి చెయ్యో కాలి, బొబ్బలెక్కి, తోలు ఊడింది. ఉలిక్కిపడ్డాను. కింద మీరు రాసిన మాట తర్వాత చదివాను: "నిజం కాదండీ, జిగురు, టిష్యూ కాగితం, కుంకుమ, కాఫీ డికాక్షన్‌తో మావాడే చేశాడు, మా అత్తగారు చూసి శోకాలు పెట్టారు" అని. మళ్ళీ ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను. తోలు ఊడిన చోట అంచు సన్నగా ముడుచుకుంది. నడుమ తడి మెరుపు. చుట్టూ ఎరుపు ఒక్కసారిగా ఆగిపోకుండా మెల్లగా చర్మంలో కలిసిపోయింది. నిజం గాయం ఎలా ఉంటుందో ఓపిగ్గా గమనించిన పిల్లాడు చేసిన పని ఇది. ఈ వయసులో అంత ఓపిక ఏ విషయం మీద ఉందో చూసి సలహా ఇవ్వడమే మా పని.

మీవారి మాటకు వద్దాం. "ఆడాళ్ళ పని" అన్నారు. ఏ సినిమాల్ని చూసి మీరు భయపడుతున్నారో ఆ సినిమాల్లోనే మేకప్ పని మొదటినుంచీ మగవాళ్ళది. మేకప్‌మేన్ అనే కదా మనం పిలిచేది. ఎన్టీ రామారావుగారికి, ఎంజీఆర్‌కి మేకప్ చేసిన పీతాంబరం పేరు మీవారు వినే ఉంటారు, దర్శకుడు పి.వాసు తండ్రి ఆయన. అంతకు వెనక్కి వెళ్తే నాటకరంగం. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కడితే ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆయన కట్టు, నడక చూసి నేర్చుకునేవారని మన పెద్దలు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ వేసుకుని భామాకలాపం ఆడుతుంటే కాకినాడ నుంచి కర్నూలు దాకా జనం విరగబడి చూశారు. వాళ్ళెవరినీ ఊరు తల దించుకోమనలేదు.

మరి "ఆడాళ్ళ పని" అన్న ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? నాకు తోచింది చెబుతాను. టీవీ ప్రకటనల్లో అద్దం ముందు కూర్చునేది ఎప్పుడూ ఆడపిల్లే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ దగ్గరనుంచి అదే వరస: నల్లగా ఉన్న పిల్లకి పెళ్ళిచూపులు కుదరవు, ఉద్యోగం రాదు, క్రీము రాసుకోగానే రెండూ వస్తాయి. ఆ పేరులోంచి "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ అనడానికి 2020 దాకా పట్టింది. మధ్యలో 2005లో ఇంకో కంపెనీవాళ్ళు మగవాళ్ళకి వేరే క్రీము దింపారు. దాని ప్రకటనల్లో ఆడవాళ్ళ క్రీము చాటుగా రాసుకునే కుర్రాణ్ణి ఎగతాళి చేసి, మగాడివి కదా, ఇదిగో నీకు వేరే ట్యూబు అని అమ్మారు. ముందు సిగ్గు అమ్మారు, తర్వాత క్రీము అమ్మారు.

ఇంకోటి గమనించండి. ప్రకటనల్లో వంట చేసేది ఎప్పుడూ అమ్మే. మీ అమ్మాయి పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర గరిటె పట్టింది ఎవరు? మగవాళ్ళే. ఇంట్లో చిరిగిన చొక్కాకి కుట్టు వేసేది మీరు, ఊళ్ళో పెళ్ళి సూటు కుట్టే టైలరు మగవాడు. పైసా రాని చోట అది ఆడవాళ్ళ పని. అదే పనికి కూలి కట్టిన చోట మగవాళ్ళ పని. మేకప్ సంగతీ అంతే.

దీనికి కోర్టు తీర్పే ఉంది. చారు ఖురానా అనే ఆవిడ మేకప్‌లో శిక్షణ పొందివచ్చి 2009లో ముంబయి సినిమా మేకప్ కళాకారుల సంఘంలో సభ్యత్వ కార్డు అడిగారు. ఆడవాళ్ళకి మేకప్ కార్డు ఇవ్వం అన్నారు. హెయిర్ డ్రెస్సర్ కార్డయితే ఇస్తారట. తల దువ్వొచ్చు, మొహం ముట్టుకోకూడదు! మేకప్‌లోకి ఆడవాళ్ళని రానిస్తే మగవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందన్నది సంఘం వాదన. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆ నిబంధన చెల్లదని 2014 నవంబరు 10న తీర్పు వచ్చింది. మీవారు "మేకప్ ఆడాళ్ళ పని" అన్నప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పండి. అర్ధ శతాబ్దానికి పైగా ముంబయి సినిమాల్లో అది ఆడాళ్ళకి నిషేధించిన పని. అన్నం తింటారో లేదో నాకు తెలీదుగానీ, కాసేపు ఆలోచిస్తారు.

మీ భయం వేరు, అది నాకు అర్థమైంది. మన తెలుగు సినిమా కామెడీలో ఫ్యాషన్ డిజైనరో, మేకప్ అతనో, డాన్స్ మాస్టరో వచ్చాడంటే చెయ్యి వాల్చి, నడుం తిప్పి, గొంతు సాగదీసి మాట్లాడాలి. హీరో వాణ్ణి చూసి జడుసుకోవాలి. హాల్లో మనం నవ్వాలి. ముప్పై ఏళ్ళుగా నవ్వాం. ఆ నవ్వే ఇప్పుడు మీ ఇంటి గుమ్మంలో నిలబడింది. పనికీ మనిషి స్వభావానికీ ముడిపెట్టడం ఆ పాత్రలు రాసినవాళ్ళ సోమరితనం. మేకప్ పనిలో అన్ని రకాల మనుషులూ ఉంటారు, బ్యాంకులో ఉన్నట్టే. పట్టుకున్న పనివల్ల మీ అబ్బాయి వేరే మనిషైపోడు. వాడి స్వభావం ఏదైనా వాడు మీ అబ్బాయే కదా. ప్రకటనల వరకు కాస్త మార్పు వచ్చింది. ప్రకటనల స్వీయనియంత్రణ సంస్థ ఆస్కీ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. ఆడవాళ్ళ పనిగా ముద్రపడ్డ పని చేస్తున్నాడని మగవాణ్ణి కించపరచకూడదని అందులో స్పష్టంగా ఉంది, తమాషాకైనా సరే. సినిమాలకి అది వర్తించదు. కాబట్టి కాలేజీలో ఎవడో ఒకడు మీవాణ్ణి వెక్కిరిస్తాడు. ఆ సంగతి ముందే చెప్పి పంపండి.

నేనూ ఏమంత గొప్పవాణ్ణి కాదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కుర్రాడు బ్యుటీషియన్ కోర్సు గురించి అడిగితే నవ్వేశాను. ముందు బీకాం చెయ్యవయ్యా అన్నాను. అతను మళ్ళీ రాలేదు. ఏమయ్యాడో తెలియదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అదొక కారణం.

ఇక అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను, ఇది మీరెవరూ అడగలేదు. మేకప్ నేర్చుకున్నవాళ్ళకి ముందుగా డబ్బు కనిపించేది పెళ్ళిళ్ళలో. మన పల్లెల్లో పెళ్ళికూతురి గదిలోకి పరాయి మగపిల్లాణ్ణి రానివ్వరు. అక్క పెళ్ళిలో చెల్లింది కాబట్టి అంతటా చెల్లుతుందనుకోవద్దు. ఈ ముద్ర మీవాడికి అడ్డం తగిలేది అక్కడ. పట్నాల్లో పెళ్ళి మేకప్ చేసే మగవాళ్ళు ఒంటరిగా వెళ్ళరు. చీర కట్టడానికి, జడ వెయ్యడానికి ఒక అమ్మాయిని అసిస్టెంటుగా పెట్టుకుంటారు. తలుపు తీసి ఉంచుతారు. పిల్ల తల్లిని గదిలోనే కూర్చోబెడతారు. గడ్డం పట్టుకునేముందు "ఇటు తిప్పుతానమ్మా" అని అడుగుతారు. ఈ మర్యాద ఏ అకాడమీ పాఠంలోనూ పెద్దగా ఉండదు. ఇంట్లోంచే పట్టుకెళ్ళాలి.

అయితే ఆ ఫొటో చూశాక, మీవాడి చెయ్యి పెళ్ళి మేకప్ వైపు కంటే ప్రోస్థెటిక్స్ వైపు వెళ్తోందనిపిస్తోంది. అంటే సిలికాన్‌తో, లేటెక్స్‌తో ముసలి మొహాలు, గాయాలు, బట్టతలలు, లేని ముక్కులు తయారుచెయ్యడం. 2018లో వచ్చిన "అ!" సినిమాకి మేకప్ కళాకారుడు రంజిత్‌కి జాతీయ అవార్డు వచ్చింది, చూపించండి మీవారికి. ఈ పనికి రంగులతో పాటు బంకమట్టితో ఆకారం చెయ్యడం, అచ్చు తియ్యడం రావాలి. అందుకే నా ఓటు శిల్పకళకి. నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ. కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దానికి ఏడీసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) కూడా మంచిదేగానీ, మీరు ఆంధ్రావాళ్ళు కాబట్టి స్థానికత నిబంధనలు ముందే చదువుకోండి. ఈ కోర్సులకి ఇంటర్లో ఏ గ్రూపు అన్న పట్టింపు లేదు. డిగ్రీ చేతిలో ఉంటే మీవారికీ ఒక ధైర్యం. పెళ్ళిసంబంధాలవాళ్ళు అడిగితే చెప్పుకోవడానికీ పనికొస్తుంది. నవ్వకండి, మీవారి మనసులో ఉన్నది అదేనని పందెం కాస్తాను.

మూడు నెలల కోర్సుకి లక్షలు కట్టమనే అకాడమీలు ఊరూరా వెలిశాయి. వాళ్ళ గోడల మీద ఎవరెవరి ఫొటోలో ఉంటాయి. అక్కడ చేరేముందు పాత విద్యార్థులు ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చెయ్యండి. సినిమా సెట్టులో సర్టిఫికెట్ ఎవరూ చూడరు. ఎవరి దగ్గర అసిస్టెంటుగా చేశావు, నీ ఫొటోలేవి అని అడుగుతారు. మొదటి రెండు మూడేళ్ళు పెద్ద మేకప్‌మేన్ పెట్టె మోయాలి, బ్రష్షులు కడగాలి. ఆరింటికి షూటింగంటే నాలుగింటికి లేవాలి. బత్తా ఏపూటకాపూట వస్తుంది, జీతం ఒక్కోసారి సినిమా విడుదలయ్యాక కూడా రాదు. యూనియన్ సభ్యత్వానికి రుసుము కట్టాలి, అది చిన్న మొత్తం కాదు. ఇవన్నీ తెలిసీ వెళ్తానంటే వెళ్ళనివ్వండి.

బైపీసీ వృథా అయిందనుకోకండి. చర్మం గురించి చదివినవాడికి ఏ జిగురు ఎవరికి పడదో తొందరగా తెలుస్తుంది. క్యాన్సర్‌లోనో ప్రమాదంలోనో చెవి, ముక్కు పోయినవాళ్ళకి కృత్రిమంగా అమర్చే పని కూడా ఈ విద్యకి దగ్గరదే. మన దేశంలో అది ఎక్కువగా దంతవైద్యుల్లో ప్రోస్థోడాంటిక్స్, అంటే కట్టుడుపళ్ళు అమర్చే విద్య, చదివినవాళ్ళు చేస్తారు. నీట్ ఎలాగూ రాసి ఉంటే ఈ మాట వాడి చెవిన వెయ్యండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, అగ్రికల్చర్ సీటు వస్తే వదలాలా వద్దా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. చేతిలో సీటు పెట్టుకుని వద్దనడానికీ, రాక వద్దనడానికీ తేడా ఉంది. తండ్రి దగ్గర ఆ తేడా బాగా పనిచేస్తుంది.

మీవారితో వాదించకండి. మీ వైపు పరిషత్తు నాటక పోటీలు జరుగుతూనే ఉంటాయి కదా. ఈసారి జరిగినప్పుడు నిర్వాహకుల్లో ఎవరినైనా పట్టుకుని మీవాణ్ణి ఆ నాలుగు రాత్రులూ గ్రీన్‌రూమ్‌లో మేకప్ మేస్త్రి దగ్గర పెట్టించండి. జీతం అడగొద్దు. మీవారిని నాటకానికని తీసుకెళ్ళి, మొదలయ్యే ముందు ఒక్కసారి లోపలికి పంపండి. యాభై ఏళ్ళ మీసాలాయన పాతికేళ్ళ కుర్రాడికి ముసలి గీతలు దిద్దుతుంటే, పక్కన మీవాడు మీసాలు, గడ్డాలు అంటించే స్పిరిట్ గమ్ సీసా పట్టుకుని నిలబడి ఉంటే చూడనివ్వండి. మీరేమీ మాట్లాడొద్దు.

ఈలోగా రెండు జాగ్రత్తలు. గోడలకీ చెక్కలకీ వాడే జిగురు ఒంటికి రాయొద్దనండి. మోచేతి లోపల చిటికెడు రాసి ఒక రోజు చూశాకే ఏ సరుకైనా ఇంకొకరికి వాడాలి. అచ్చు తియ్యడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నేరుగా చర్మం మీద పొయ్యొద్దు, అది గట్టిపడేటప్పుడు వేడెక్కి కాలుస్తుంది. దానికి పళ్ళడాక్టర్లు వాడే ఆల్జినేట్ ఉంటుంది. ఆ కాలిన చెయ్యి ఫొటోతోపాటు తేదీ, వాడిన సరుకులు రాసి దాచమనండి, ఏడాది తర్వాత మళ్ళీ అదే గాయం చేసి పక్కన పెట్టుకోవచ్చు. మీ అత్తగారికి మాత్రం ముందే చెప్పి చెయ్యమనండి.