వ్యాగన్ ఆర్ ట్యాపెట్ కవర్ బోల్టు సగంలో ఆగిపోతే ఇంకా బలంగా బిగించవచ్చా?

రాచెట్‌కి, అంటే బోల్టు బిగించే పిడికి, పైపు తొడిగి ఇంకో పట్టు పట్టమంటారా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లోనే ట్యాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ మార్చారు, మూల బోల్టు ఒక్కటి పూర్తిగా దిగలేదు, అక్కడే ఆయిల్ చెమరుస్తోంది అన్నారు కదా. సరిగ్గా అక్కడే నేను నా బండి పాడుచేసుకున్నాను.

మాదీ కె10బి ఇంజనున్న వ్యాగన్ ఆరే. మిగతా బోల్టులన్నీ సాఫీగా దిగాయి. వెనకవైపుది మాత్రం రెండు మూడు మరలు మిగిలి ఉండగానే మొరాయించింది. తుప్పేమో అనుకుని పెద్ద రాచెట్ వేసి లాగాను. ఉన్నట్టుండి చేతికి తేలికైపోయింది. ప్రాణం ఉసూరుమంది. బయటికి తీస్తే బోల్టు చుట్టూ అల్యూమినియం సన్నటి తీగలా చుట్టుకుని వచ్చింది. బోల్టు దిగే ఇంజను హెడ్‌లో మర మొత్తం పోయింది.

టార్చి వేసి చూస్తే తెలిసింది. అది అడుగు మూసుకుపోయి ఉండే రంధ్రం. పాత ప్యాకింగ్ తుక్కు, ఆయిల్ అందులో చేరి ఉన్నాయి. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుదించుకుపోదు, పక్కకి పోయే దారీ లేదు. బోల్టు ఆగిపోయింది అందుకే. నేను వేసిన బలమంతా మెత్తటి అల్యూమినియం మర మీద పడింది. ఇలాంటప్పుడు హెడ్ పగిలినా పగలవచ్చు.

10 ఎంఎం పానా పట్టే ఇలాంటి ఎం6 (6 ఎంఎం మందం) బోల్టుకి తిప్పే బలం 10 న్యూటన్ మీటర్లు దాటకూడదు. అంటే 25 సెంటీమీటర్ల రాచెట్ చివర 4 కిలోల బలం, అంతే! అదే 75 సెంటీమీటర్ల పైపు చివర పట్టుకుని 4 కిలోల బలమే వేసినా మూడింతలవుతుంది. పైగా మనం తిప్పే బలంలో బిగింపుకి అక్కరకొచ్చేది సుమారు పదో వంతే, మిగతాదంతా రాపిడికే పోతుంది. మర ఆయిల్‌తో తడిసి ఉంటే ఆ రాపిడి తగ్గి, అంతే బలానికి బోల్టు మరింత గట్టిగా లాగుతుంది. అందుకే మరలు పొడిగా తుడవాలి.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. ఇంజను పూర్తిగా చల్లారాక ఆ బోల్టు తీసి, మర మధ్య అల్యూమినియం ఉందేమో చూడండి. లేకపోతే మీ అదృష్టం. చీపురు పుల్ల ఒకటి రంధ్రంలో దించి లోతు గుర్తు పెట్టుకోండి. పుల్ల తడిగా వస్తే సిరంజితో ఆయిల్ లాగేసి, పుల్లకి గుడ్డ చుట్టి శుభ్రం చేయండి. తర్వాత బోల్టుని పానాతో కాకుండా వేళ్లతో, ముందు ఎడమవైపుకి తిప్పండి. మర మరలో కూర్చున్నప్పుడు చిన్నగా టిక్కుమని జారుతుంది. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే వేళ్లతోనే చాలావరకు దిగాలి. అలా దిగకపోతే మర అడ్డంగా పట్టినట్టే, వెంటనే ఆపేయండి. అన్నీ చేత్తో దించాకే, మధ్య నుంచి అంచులకు, రెండు విడతల్లో బిగించండి.

మర పోయిందని తేలితే టెఫ్లాన్ టేపు, దారం చుట్టే చిట్కాల జోలికి వెళ్లకండి. బిగింపు బలానికి అవి నిలవవు. పుల్ల కొలతలో అడుగున మర మిగిలి ఉందనిపిస్తే, అదే మరతో కాస్త పొడవు బోల్టు పట్టవచ్చు. లేదంటే హెలికాయిల్, అంటే పోయిన మర స్థానంలో కూర్చోబెట్టే స్టీలు తీగ చుట్ట, వేయించడమే. నాకు లేతు పనిచేసే పెద్దాయన ఇంటికొచ్చి వేశారు. మర కోసే ట్యాప్‌కి గ్రీజు పూసి, అరటిపండు ఒలిచినంత నెమ్మదిగా తిప్పారు. లోహపు పొడి ఇంజనులో పడకుండా చుట్టూ గుడ్డలు కుక్కారు. ఆ బోల్టు దగ్గర ఇప్పటికీ చుక్క ఆయిల్ రాలేదు.

అంతవరకు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం రోజూ చూసుకోండి. కారే ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడుతుంటే మాత్రం బండి తీయకండి, అంటుకునే ప్రమాదం ఉంది. బోల్టు ఏ స్థితిలో వచ్చిందో రాయండి, చూసి చెబుతాను.